రంగు చెప్పడమంటే అడగడమే

ఇది పొడుగ్గా ఉంటుంది. కాఫీ పెట్టుకుని తీరిగ్గా చదవండి. చదివాక తిట్టాలనిపిస్తే ఇక్కడే కామెంట్లో తిట్టండి. రాత్రి తొమ్మిది తర్వాత ఫోన్ చేసి "అన్నా, నువ్వు రాసింది నిజమే, కానీ ఇప్పుడెందుకు" అని మాత్రం అనొద్దు. అలాంటి ఫోన్లు నాకు ఇప్పటికే చాలా వచ్చాయి.

పోయిన మంగళవారం రాత్రి మా బావ, అంటే మా చెల్లెలి భర్త, నాకొక వాట్సాప్ మెసేజ్ పంపించాడు. ఆయన రాసింది కాదు. అబ్బాయి తరఫు వాళ్ల నుంచి ఆయనకు వచ్చింది. అయిదు లైన్లు. "కలర్ బ్లాక్. వైట్ వద్దు, ట్రావెల్స్ బండిలా ఉంటుంది. టాప్ ఎండ్ మాత్రమే. పనోరమిక్ సన్‌రూఫ్ కంపల్సరీ. లోపల టాన్ లెదర్." దాని కింద మా బావ ఒక ప్రశ్న రాశాడు: "బావా, బ్లాక్ మంచిదేనా? నీకు తెలుస్తుంది కదా."

నాకు తెలుసు. టింకరింగ్, పెయింటింగ్ షెడ్డు పెట్టి 22 ఏళ్లయింది. మీలో సగం మంది బండ్ల తలుపులు నా చేతుల్లోంచి వెళ్లినవే. అందుకే ముందు ఆయన అడిగినదానికే జవాబు చెబుతాను. అసలు సంగతి తర్వాత.

కారు మీద మనకు కనిపించే రంగు ఒక్క పొర కాదు. అడుగున తుప్పు పట్టకుండా ఒక కోటు, దాని మీద ప్రైమర్, దాని మీద రంగు, అన్నిటికంటే పైన క్లియర్ కోట్. ఫ్యాక్టరీ నుంచి వచ్చిన బండికి ఇవన్నీ కలిపితే 100 నుంచి 150 మైక్రాన్ల మందం ఉంటుంది. మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు. అందులో మెరుపునిచ్చే క్లియర్ కోట్ 40, 50 మైక్రాన్లే. మీరు షోరూంలో చేత్తో తడిమి "అబ్బా" అనేది తల వెంట్రుక మందం కూడా లేని ఆ పొరని. దాని మీద వాచ్‌మన్ పొద్దున్నే పొడి గుడ్డతో దుమ్ము తుడుస్తాడు. దుమ్ములో ఇసుక ఉంటుంది. గుండ్రంగా తుడిచిన ప్రతిసారీ సన్నటి గీతలు. తెల్ల బండి మీద ఆ గీతలు కంటికి ఆనవు. నల్ల బండి మీద ఎండలో సాలెగూడులా కనిపిస్తాయి. మన బెంగళూరు బోరు నీళ్ల సంగతి చెప్పనక్కర్లేదు. కడిగి ఆరబెడితే నలుపు మీద సున్నం చుక్కలు, క్రోమ్ మీద ఇంకా ఎక్కువ. పాలిష్ పట్టించిన ప్రతిసారీ ఆ పొరలో కొంత పోతుంది. నల్ల బండిని ఏడాదికి రెండుసార్లు రబ్బింగ్ చేయించే మహానుభావులు నాకు తెలుసు. అయిదేళ్లకి వాళ్ల బానెట్ మీద క్లియర్ కోట్ తెల్లగా పాలిపోయి వస్తుంది. నలుపు ఎండకి వేడెక్కుతుందని చెప్పడానికి నేనక్కర్లేదు. మధ్యాహ్నం మూడింటికి డోరు హ్యాండిల్ పట్టుకుంటే తెలుస్తుంది.

తెలుపు అయితే గొడవ లేదా? మామూలు తెలుపుకి లేదు. గీత పడితే ఒక్క ప్యానెల్ కొట్టి ఇచ్చేస్తాం. పెర్ల్ వైట్ కథ వేరు. కింద ఒక తెలుపు, దాని మీద అభ్రకం కలిసిన పలుచటి పొర, ఆపైన క్లియర్. మధ్య పొర ఎంత మందం పడితే అంత తేడాగా మెరుస్తుంది. ముందు డోరు దెబ్బతింటే ఆ డోరు ఒక్కటే కొడితే ఎండలో వేరే బండి డోరు తగిలించినట్టు ఉంటుంది. అందుకని పక్క ఫెండరు, వెనక డోరు మీదికి కూడా రంగుని కలుపుకుంటూ పోవాలి. ఒక డోరు బిల్లు మూడు ప్యానెళ్ల బిల్లవుతుంది. మ్యాట్ అడిగేవాళ్లు కూడా మొదలయ్యారు. మ్యాట్‌కి పాలిష్ పట్టకూడదు, పట్టిన చోట మెరుపొచ్చి మచ్చవుతుంది. చిన్న గీతకీ ప్యానెల్ మొత్తం కొట్టాలి. ఇంక ఆలివ్ గ్రీన్. జీపు లాంటి బండి తీసుకుని మిలిటరీ రంగు వేయమని ఏడాదికి ఒకరైనా వస్తారు. మోటారు వాహనాల నిబంధనల్లో 121వ రూలు చదవండి, ఆ రంగు రక్షణ శాఖ బండ్లకే. ఏ రంగుకి మార్చినా ఆర్‌సీలో మార్పించుకోవాలి. అద్దాలకు నల్ల ఫిల్మ్ వేయమనేవాళ్లకి 2012లో సుప్రీంకోర్టు ఏం చెప్పిందో నేను చెప్పను, ట్రాఫిక్ పోలీసులు చెబుతారు.

ట్రిమ్ సంగతికొస్తే నాకు ఇంకా కోపం. టాప్ ఎండ్ అనే మాటకి మనవాళ్లు ఇచ్చే మర్యాద కులదేవతకి కూడా ఇవ్వరు. నేను మాత్రం వేరియంట్ కాగితం చేతికిస్తే కింది నుంచి చదువుతాను. ముందు రెండు ఎయిర్‌బ్యాగులు చట్టం ప్రకారం ఎలాగూ ఉంటాయి. పక్కన కర్టెన్ ఎయిర్‌బ్యాగులు ఏ వేరియంట్ నుంచి ఉన్నాయి? మూడో వరుసలో కూర్చునే అవ్వకీ పిల్లలకీ సరైన బెల్టు, తల వెనక ఆనిక ఉన్నాయా? ఇవి ఉన్న వేరియంట్ దగ్గర ఆగితే చాలు. ఆపైన మీరు కట్టేదంతా పెద్ద చక్రాలకీ, పెద్ద గాజుకీ, మెరిసే పట్టీలకీ. చక్రం పెద్దదయ్యేకొద్దీ టైరు గోడ పలచబడుతుంది. మన రోడ్ల గుంతల్లో రిమ్ము వంగి, టైరు పక్కన బుడగ వచ్చి షెడ్డుకి వచ్చేవి ఎక్కువగా అవే. పనోరమిక్ సన్‌రూఫ్ ఉన్న ప్రతి బండిలోనూ ఒక పిల్లాడు తల బయటపెట్టి నిలబడి ఉంటాడు, వాళ్ల నాన్న కిందనుంచి వీడియో తీస్తుంటాడు. బ్రేకు పడితే ఆ పిల్లాడి సంగతేమిటని ఆ నాన్నని అడిగితే "నెమ్మదిగానే పోతున్నాం అన్నా" అంటాడు. లేత రంగు సీట్ల మీద జీన్స్ నీలం అంటుతుంది. ఆయుధ పూజ నాడు అదే చేత్తో పసుపు, కుంకుమ పట్టుకుని లోపల కూర్చుంటాం. స్టీరింగుకి బొట్టు, సీటుకి బొట్టు. ఆ తర్వాత నెల రోజులు నా దగ్గర క్లీనింగు బండ్ల క్యూ. నాకు గిట్టుబాటే అనుకోండి.

ఇంకొక లెక్క. కింది వేరియంటుకీ పై వేరియంటుకీ 4 లక్షల తేడా అంటారు షోరూంలో. అది ఎక్స్ షోరూం తేడా. మన కర్ణాటకలో 20 లక్షలు దాటిన బండికి జీవితకాలపు పన్ను 18 శాతం. అంటే ఆ 4 లక్షల మీద ఇంకో 72,000. దాని మీద సెస్సు, ఇన్సూరెన్సు వేరే. గాజుకప్పు మీద, క్రోమ్ పట్టీ మీద కూడా మనం జీవితకాలపు పన్ను కడుతున్నామన్నమాట.

సరే. ఎవరి డబ్బుతో వాళ్లు కొనుక్కునేటప్పుడు ఇదంతా సలహా మాత్రమే. మీ డబ్బు, మీ ఇష్టం. నల్లది కొనండి, ఎర్రది కొనండి, పైన నలుపు కింద తెలుపు కొనండి. రంగు మీద మోజు తప్పు కాదు. మొదటి నెల జీతంతో కొన్న పాత బండికి నారింజ రంగు వేయించుకున్న కుర్రాడు ఒకడున్నాడు, వాడి మొహం చూస్తే నాకు ఇప్పటికీ సంతోషం. కారు నచ్చడానికి కారణం చెప్పాల్సిన పని లేదు.

మా బావకి వచ్చిన మెసేజ్ అలాంటిది కాదు. ఆ బండి రంగు నిర్ణయించేవాళ్లు ఒకళ్లు, డబ్బు కట్టేవాళ్లు ఇంకొకళ్లు.

మా బావకి 56 ఏళ్లు. ఇంకో నాలుగేళ్లకి రిటైర్మెంటు. వాళ్లు అడిగిన బండి, వాళ్లు అడిగిన వేరియంటులో ఆన్‌రోడ్ 40 లక్షలు దాటుతుంది. హోస్కోటె అవతల ఆయనకొక సైటుంది, ఇల్లు కట్టుకుందామని పదిహేనేళ్ల కింద కొన్నది. అది అమ్మితే సగం. మిగతా 20 లక్షలకి లోను. 9 శాతం వడ్డీ, ఏడేళ్లు అనుకుంటే నెలకు సుమారు 32,000. మొత్తం తిరిగి కట్టేది 27 లక్షలు. ఆయనకి 63 వచ్చేదాకా. ఈ లెక్కంతా నేను కాగితం మీద వేసి చూపిస్తే ఆయన ఏమన్నాడో తెలుసా? "టాన్ లెదరుకి ఎంత ఎక్కువవుతుందో అడిగి చెప్పు బావా." నా షెడ్డులో కూర్చుని, తల వంచుకుని, అదీ ప్రశ్న.

వాళ్లు చెడ్డవాళ్లని నేను అనడం లేదు. కాఫీ ఇస్తారు, కాళ్లు కడుక్కోమంటారు, చక్కటి తెలుగు మాట్లాడతారు, మనలాగే మూడు తరాల కింద ఇటు వచ్చిన కుటుంబం. "మాకు కట్నం ససేమిరా వద్దండి" అని మొదటి రోజే చెప్పారు. ఆ మాట మన గ్రూపులో ఎవరో పెడితే ఎన్ని దండాలు, ఎన్ని చప్పట్లు! నేనూ ఒక దండం పెట్టాను. రెండో రోజు "మీ అమ్మాయికి మీరు ఇష్టంగా పెట్టుకునేది మేమెందుకు కాదంటాం" అన్నారు. మూడో రోజు "ఎలాగూ ఇస్తున్నారు కాబట్టి మావాడి టేస్టు చెబుతున్నాం, తర్వాత మీరే ఇబ్బంది పడకూడదని" అన్నారు. నాలుగో రోజు ఈ అయిదు లైన్లు.

అడగలేదట. రంగు మాత్రమే చెప్పారట. అయ్యా, హోటల్లో కూర్చుని "దోసె బాగా కాలాలి, నెయ్యి వేయాలి" అని చెబితే అది ఆర్డరా, కాదా? బిల్లు పక్క టేబులాయన కడతాడని తెలిసి చెబితే దాన్ని ఏమంటారు?

చట్టం గురించి రెండు ముక్కలు, ఎందుకంటే మనలో చాలామంది తీసుకోవడం ఒక్కటే నేరం అనుకుంటున్నారు. 1961 నాటి వరకట్న నిషేధ చట్టం ప్రకారం ఇచ్చినా, తీసుకున్నా, దానికి సాయం చేసినా కనీసం అయిదేళ్ల జైలు, 15,000 గానీ కట్నం విలువ గానీ ఏది ఎక్కువైతే అంత జరిమానా. ఊరికే అడిగినందుకే ఆరు నెలల నుంచి రెండేళ్లు. కానుకలకి మినహాయింపు ఉంది కదా అంటారు. ఉంది. అడగకుండా ఇచ్చిందై ఉండాలి, జాబితా రాసి పెట్టాలి, ఇచ్చేవాళ్ల స్తోమతకు మించకూడదు. 63 ఏళ్ల దాకా కట్టే అప్పు ఏ స్తోమత కిందికి వస్తుందో మన సంఘంలో ఉన్న లాయరు మిత్రులు కామెంట్లో చెప్పాలి. ఆ చట్టంలోనే ఇంకొకటి ఉంది. పెళ్లికూతురి కోసమని వేరేవాళ్లు పుచ్చుకున్నదాన్ని మూడు నెలల్లో ఆమెకి అప్పగించాలి. మరి మనం ఎన్ని బండ్లకి ఆర్‌సీ అమ్మాయి పేరున చూశాం? నేను షెడ్డులో ఆర్‌సీలు చూస్తుంటాను, ఇన్సూరెన్సు క్లెయిము కోసం. పెళ్లిలో వచ్చిన బండి అని బండి మీదే తెలుస్తుంది, రిబ్బను అంటించిన టేపు జిగురు బానెట్ మీద ఏళ్ల తరబడి ఉంటుంది. ఆర్‌సీ మాత్రం అల్లుడిగారిది.

ఇంతకీ అమ్మాయిని ఎవరూ అడగలేదు. నేను అడిగాను. మా మేనకోడలు రోజూ ఎలక్ట్రానిక్ సిటీ దాకా సొంతంగా చిన్న కారు నడుపుకుంటూ వెళ్లి వస్తుంది, తన ఈఎంఐ తనే కట్టుకుంటోంది. ముదురు నీలం బండి. రంగు తనే ఎంచుకుంది, అది రావడానికి రెండు నెలలు ఆగింది కూడా. "ఈ నల్ల బండి నీకు నచ్చిందా అమ్మా" అంటే, "మామా, దాన్ని నేను నడపొచ్చా అని అడిగాను. డ్రైవరుంటాడులే, నీకెందుకు శ్రమ అన్నారు" అంది. ఇంకేమీ అనలేదు.

మీకొక చోద్యం చెబుతాను. మనవాళ్లు స్థిరపడిన ఊళ్ల చుట్టే ఈ ఖరీదైన బండ్ల ఫ్యాక్టరీలు ఉన్నాయి. వోల్వో బిగించేది మన హోస్కోటెలో. టొయోటా బిడదిలో. బీఎండబ్ల్యూ చెన్నై పక్కన చెంగల్పట్టు దగ్గర. మెర్సిడెస్ పుణె దగ్గర చాకన్‌లో. కియా మన పూర్వీకుల ఊళ్ల పక్కనే, పెనుకొండలో. ఇలాంటి ఫ్యాక్టరీలో పనిచేసే మన కుర్రాళ్లు నాకు తెలుసు. పగలంతా ఈ బండ్లకి రంగు పట్టించి, సాయంత్రం ఇంటికొచ్చి, చెల్లెలి పెళ్లికి ఏ రంగు బండి అడుగుతారో అని భయపడుతున్నారు.

ఇప్పుడు నా సంగతి. నేను నీతులు చెప్పేవాణ్ని కాదు, మొదట నా మురికి కడుక్కోవాలి. 1998లో నా పెళ్లికి స్కూటరు పెట్టారు. మా నాన్న "వాడికి నీలం ఇష్టం" అని కబురంపాడు. నేను పక్కనే ఉన్నాను, కాదనలేదు. నీలం దొరక్క మా మామగారు చిత్తూరు నుంచి తిరుపతి దాకా వెళ్లి తెచ్చారట. దానికోసం ఒక ఆవుని అమ్మారని మా ఆవిడ నాకు పన్నెండేళ్ల తర్వాత చెప్పింది, అదీ వేరే మాటల్లో పడి. ఆ స్కూటరు అప్పటికే స్క్రాపుకి పోయింది. రంగు మాత్రం చివరిదాకా బాగుంది, నేనే చూసుకునేవాణ్ని కదా.

రెండేళ్ల కింద మన సంఘంలోనే ఒక పెళ్లికి వచ్చిన బండికి నేను ఉచితంగా సిరామిక్ కోటింగ్ చేసిచ్చాను. నా తరఫు కానుక అన్నాను. ఛత్రం గుమ్మం ముందు పెద్ద రిబ్బను కట్టి నిలబెట్టారు. పెళ్లికూతురి తండ్రి అట్టతో చేసిన పెద్ద తాళంచెవి అల్లుడి చేతిలో పెడుతుంటే కమిటీ వాళ్లమందరం వెనక నిలబడి ఫోటో దిగాం. ఎడమ నుంచి మూడో వాణ్ని నేను. ఆ ఫోటో మన గ్రూపులోనే పెట్టారు, రెండు వందల పైచిలుకు లైకులు. దాని కింద ఒకాయన "టాప్ ఎండా?" అని అడిగాడు. తండ్రిగారే జవాబిచ్చారు, "అవునండి" అని. ఆ ఫోటో చూసినవాళ్లలో ఆడపిల్లల తండ్రులు ఎంతమంది లెక్కలు వేసుకుని ఉంటారు? మా బావ వేసుకున్నాడు. నాతో చెప్పాడు.

అందుకే ఇది ఒక ఇంటి గొడవ కాదు, మన గ్రూపు గొడవ. మనం చప్పట్లు కొట్టి రేటు పెంచాం. ఒకప్పుడు "బండి పెడతారట" అంటే చాలు. తర్వాత ఏ బండి అన్నారు. తర్వాత ఏ వేరియంట్. ఇప్పుడు సీటు తోలు రంగు దాకా వచ్చింది.

"నువ్వు ఇలా రాస్తే సంబంధం చెడిపోతుంది" అంటున్నారు కొందరు పెద్దలు. చెల్లెలికి చెప్పే రాస్తున్నాను, మేనకోడలికి చూపించే పెడుతున్నాను. తను రెండు అక్షరదోషాలు దిద్దింది. మనలో చాలామంది లాగే నేనూ కన్నడ మీడియమే కదా.

వచ్చే ఆదివారం జనరల్ బాడీలో నేను తీర్మానం పెడుతున్నాను. పెళ్లిలో బండి తాళంచెవి ఇచ్చే ఫోటో, వీడియో ఏదీ మన గ్రూపులో, మన సావనీరులో వేయకూడదు. అలాంటి వేదిక మీద సంఘం పదవిలో ఉన్నవాళ్లు నిలబడకూడదు. మన వధూవరుల పరిచయ వేదిక ఫారంలో "అంచనాలు" అని ఒక గడి ఉంది చూడండి, అది తీసేయాలి. అందులో ఏం రాస్తున్నారో అందరికీ తెలుసు. తల్లిదండ్రులు తమ శక్తికొద్దీ బండి ఇచ్చుకుంటే ఆర్‌సీ అమ్మాయి పేరున, రంగు అమ్మాయి ఇష్టం. అంతే. నా షెడ్డు వరకు నేను ఇప్పటికే బోర్డు పెట్టేశాను: పెళ్లికొచ్చిన బండికి ఆర్‌సీలో పెళ్లికూతురి పేరుంటేనే పని చేస్తాం. ఈ నాలుగు రోజుల్లో రెండు బండ్లు వెనక్కి పోయాయి. పోనీ.

మా బావకి కూడా జవాబు పంపాను. "బ్లాక్ మంచిది కాదు. ఏ రంగూ మంచిది కాదు. సైటు అమ్మకు." ఆయన ఇంకా చూసినట్టు నీలం టిక్కు పడలేదు.

తీర్మానాన్ని బలపరచడానికి ఒక సభ్యుడు కావాలి. ఇప్పటిదాకా అయిదుగురు ఫోన్ చేసి మేము బలపరుస్తాం అన్నారు. అయిదుగురూ ఆడవాళ్లే. మన బైలా ప్రకారం సభ్యత్వం ఇంటి యజమాని పేరున ఉంటుంది కాబట్టి వాళ్లెవరికీ ఓటు లేదట, సెక్రటరీగారు చెప్పారు. దానిమీద రెండో తీర్మానం రాస్తున్నాను. ముందు మొదటిదానికి ఒక మగాడు చెయ్యెత్తండి.